శుక్రవారం ఫోను

మొన్న మా ఆఫీసు లిఫ్టులో ఒక పెద్దాయన పక్కన నిలబడ్డాను. ఆయన చొక్కా నుంచి సెంటు వాసన వచ్చింది. మల్లెపూల సెంటు. అసలు మల్లెపూలకు ఆ వాసన ఉండదు, కానీ చౌక సెంటులో మల్లె అంటే అదే. నాలుగో అంతస్తు చేరేసరికి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తెలంగాణలోని కోరుట్లలో మా బాపు, అంటే మా నాన్న, నడిపిన ఎస్టీడీ ఫోను బూత్ వాసన అది.

అప్పట్లో బూత్‌లకు వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రిసీవర్‌లో మాట్లాడే వైపు రూపాయి బిళ్లంత సెంటు బిళ్ల అతికించి ఉండేది. పొద్దంతా ఎంతోమంది నోరు ఆనే చోటు కదా. ఒకబ్బాయి నెలకోసారి భుజాన సంచీతో వచ్చి, పాత బిళ్ల పీకి, రిసీవర్ అంతా దూదితో తుడిచి, కొత్తది అతికించి పోయేవాడు. ఆ రోజు క్యాబిన్ తలుపు తీస్తే చాలు, షాపంతా గుప్పుమనేది. వారం తిరిగేసరికి అందులో తంబాకు వాసన, చెమట వాసన కలిసిపోయేవి. నాకు ఆ కలిసిన వాసనే ఎక్కువ ఇష్టం.

బాపు పోయి రెండేళ్లు దాటింది. షాపు మూసి అంతకంటే చాలా ఏళ్లయింది. రాయాలి రాయాలి అనుకుంటూనే రోజులు గడిపేశాను. ఆ రోజు లిఫ్టు దిగాక ఇక ఆగాలనిపించలేదు.

* * *

మా వైపు ఒక మాట ఉంది: బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి. వానలు లేక, బావులు ఎండిపోయి, చేతిలో పని లేనివాడికి ఈ మూడే దారులు. ముందు తరం వాళ్లు బొంబాయి, భివండీ, సూరత్ మిల్లులకు పోయారు. బొగ్గుబాయి అంటే సింగరేణి. మా కాలానికి దుబాయి వచ్చింది. మస్కట్ పోయినా, కువైట్ పోయినా, సౌదీ పోయినా మా దగ్గర 'దుబాయి పోయిండు' అనే అంటారు.

1973లో అరబ్బు దేశాలు చమురు సరఫరా బిగించాయి. కొద్ది నెలల్లోనే పీపా ధర సుమారు మూడు డాలర్ల నుంచి పన్నెండు డాలర్ల దగ్గరికి వెళ్లింది. చేతికొచ్చిన డబ్బుతో వాళ్లు రోడ్లు, ఓడరేవులు, మేడలు కట్టడం మొదలుపెట్టారు. కట్టడానికి మనుషులు కావాలి. ఇదంతా నేను పెద్దయ్యాక చదువుకుని తెలుసుకున్న సంగతి. మా వీధికి మాత్రం అది ఇంటికో మగమనిషి కనబడకుండా పోవడంగానే తెలిసింది. రెండేళ్లకోసారి మూతికి తాడు కట్టిన పెద్ద సూట్‌కేసుతో దిగేవాడు. రెండు నెలలు ఉండేవాడు. మళ్లీ కనబడేవాడు కాదు. పిల్లలు తండ్రిని చూసి తలుపు చాటుకు పోవడం మా వీధిలో ఎవరికీ వింత కాదు.

బాపుకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. దుబాయి పోయే వీలు లేదు. అందుకని రేడియో రిపేరు నేర్చుకున్నాడు. బస్టాండుకు పోయే తొవ్వలో ఒక షట్టరు అద్దెకు తీసుకున్నాడు. టేబుల్ మీద ఎప్పుడూ విప్పేసిన రేడియోలు, సోల్డరింగ్ పొగ. వేరే ఊళ్లలో అయితే రేడియోల తర్వాత టీవీలు బాగుచేసుకుంటూ పోయేవాడేమో. మాది దుబాయి ఊరు కాబట్టి బాపు దగ్గరికి క్యాసెట్లు వచ్చాయి.

పాటల క్యాసెట్లు కావు, మనిషి గొంతు నింపిన క్యాసెట్లు. సెలవు మీద వచ్చేవాళ్లతో అక్కడివాళ్లు ఉత్తరానికి బదులు క్యాసెట్ పంపేవాళ్లు. ఉత్తరం అయితే రాయడం రావాలి, ఇక్కడ చదవడం రావాలి. క్యాసెట్‌కు ఆ బాధ లేదు. కానీ అది వినడానికి టేప్‌రికార్డర్ ఉండాలి కదా. లేనివాళ్లు మా షాపుకు వచ్చేవాళ్లు. బాపు మధ్యాహ్నం పూట షట్టరు సగం దించి, స్టూలు వేసి, క్యాసెట్ పెట్టి, తాను బయటికి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

నేను లోపలే ఉండేదాన్ని. చిన్నపిల్లను అని ఎవరూ పొమ్మనేవాళ్లు కాదు. ముందు కాసేపు గాలి చప్పుడు, గొంతు సవరించుకోవడం. తర్వాత, 'అవ్వా, నేను మంచిగున్న. బాపుకు దండం. చెల్లెకు సంబంధం చూసిండ్రా?' వెనకాల ఎవరో నవ్వడం, గిన్నెల చప్పుడు, దూరంగా నమాజు పిలుపు. ఒకావిడ వింటూ వింటూ మధ్యలో జవాబు చెప్పేది. 'చూసినం బిడ్డా, మెట్‌పల్లి సంబంధం' అనేది. టేపు ఆగకుండా వేరే సంగతి చెప్పుకుంటూ పోయేది. ఆమెకు కోపం వచ్చేది. 'ఆగుమను సారూ, నేను చెప్పేది విననిస్తలేడు' అని బయట ఉన్న బాపును పిలిచేది. బాపు లోపలికి వచ్చి, టేపు ఆపి, ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా నిలబడి, మళ్లీ నొక్కేవాడు.

అదే క్యాసెట్ రెండో వైపు వీళ్ల జవాబు నింపి పంపేవాళ్లు. అందులో మా బస్టాండు చప్పుడంతా పడేది. మా కోడి కూత కూడా సౌదీలోని దమ్మాం దాకా పోయింది.

* * *

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. ఆ వారం బాపు ఒక్క రాత్రి కూడా సరిగ్గా పడుకోలేదు. ఏళ్లుగా అటక మీద పడి ఉన్న రేడియోలన్నీ జనం మోసుకొచ్చారు. 'రాత్రి వార్తల వరకు కావాలె సారూ' అనే మాటే అందరిదీ. బాగైన రేడియోలన్నీ ఒకేసారి మోగేవి. ఆకాశవాణి ప్రాంతీయ వార్తల టైముకు షాపు ముందు రోడ్డు నిండిపోయేది. కువైట్ అన్న మాట వినబడగానే ఆడవాళ్లు చెంగు నోట్లో కుక్కుకునేవాళ్లు. ఎవరి మనిషి ఎక్కడున్నాడో చెప్పేవాళ్లు లేరు. టెలిగ్రాములు ఇటు నుంచి పోయేవే కానీ అటు నుంచి ఒకటీ రాలేదు.

లక్షా డెబ్బై వేల మందికి పైగా మనవాళ్లను ఆ తర్వాత విమానాల్లో తీసుకొచ్చారు. ఎడారి దాటి, జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కడ గుడారాల్లో రోజులకు రోజులు కాచుకుని, బొంబాయిలో దిగారు. మా వెనక ఇంటి చిన్నాయిన అలాగే వచ్చాడు. ఏడేళ్లు అక్కడ పనిచేసిన మనిషి చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ, అందులో పాస్‌పోర్టు, ఒక తువ్వాల. మా షాపు అరుగు మీద రోజూ వచ్చి కూర్చునేవాడు. ఎవరితో మాట్లాడేవాడు కాదు. బాపు కూడా అడిగేవాడు కాదు. చేతికి ఒక విప్పిన రేడియో, బ్రష్షు ఇచ్చి దుమ్ము తుడవమనేవాడు. నెల రోజులు చిన్నాయిన దుమ్ము తుడిచాడు. రెండేళ్లకు మళ్లీ కువైటే పోయాడు.

మరుసటేడు అప్పటి మా కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి అయ్యాడు. దేశం తలుపులు తెరిచారని పేపర్లు రాశాయి. మా టౌనుకు మాత్రం మొదట తెరుచుకున్నది ఫోను.

* * *

అప్పటిదాకా ఫోను అంటే ట్రంకాల్. పోస్టాఫీసులో బుక్ చేసి, పొద్దున వచ్చినవాడు పొద్దుగూకేదాకా బెంచీ మీద కూర్చునేవాడు. టెలికం ఇంజనీరు శామ్ పిట్రోడా పూనికతో 1984లో పెట్టిన సీ-డాట్ సంస్థ, ఏసీ గది అక్కర్లేకుండా మన ఎండకు, దుమ్ముకు తట్టుకునే చిన్న ఎక్స్ఛేంజీలు తయారుచేసింది. వాటి వల్లే పల్లెలకు, చిన్న టౌన్లకు నేరుగా నంబర్ తిప్పే రోజు వచ్చింది. బూత్‌లు ఇవ్వడంలో వికలాంగులకు ముందు అవకాశం ఉండేది. దుబాయి పోనివ్వని కాలే బాపుకు దుబాయిని షాపులోకి తెచ్చిపెట్టింది.

పసుపు రంగు బోర్డు మీద నల్ల అక్షరాలు. ప్లైవుడ్ క్యాబిన్, అద్దం తలుపు, లోపల చిన్న ఫ్యాను, స్టూలు. బయట బాపు టేబుల్ మీద మీటరు పెట్టె. ఎర్ర అంకెలు. పక్కన బిల్లు కొట్టే చిన్న ప్రింటరు. ఆ కాగితం ఎండ తగిలితే అక్షరాలు మాసిపోయేవి. బాపు నాకు మొదటి రోజే చెప్పాడు. 'మీటరు సూడు బిడ్డా, మనిషిని సూడకు.' బడి విడిచాక నేను ఆ టేబుల్ దగ్గర కూర్చునేదాన్ని. అద్దంలోంచి ఎవరైనా ఏడుస్తున్నట్టు తెలిస్తే బాపు రేడియో గొంతు పెంచేవాడు.

ఇక్కడి నుంచి దుబాయి చేయాలంటే నిమిషం ఖరీదు ఒక కూలీ రోజు సంపాదన కంటే ఎక్కువ. అందుకని ఎక్కువగా అటు నుంచే వచ్చేవి. మా నంబరే వీధి వీధికి పీపీ నంబరు, అంటే ఇంట్లో ఫోను లేనివాళ్లను పిలిపించే నంబరు. పెళ్లి పత్రికల మీద కూడా మా షాపు నంబరు వేసి పక్కన పి.పి. అని రాసుకునేవాళ్లు. అక్కడ శుక్రవారం సెలవు. పొద్దున బట్టలు ఉతుక్కుని, జుమ్మా నమాజుకు వెళ్లేవాళ్లు వెళ్లి వచ్చాక, వీధి ఫోన్ల ముందు వరసలో నిలబడేవాళ్లు. దుబాయికి మనకు గంటన్నర తేడా, సౌదీకి రెండున్నర గంటలు. మా లెక్కంతా దాని మీదే. శుక్రవారం మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి తొమ్మిది దాకా మా షాపు ముందు జాతర.

ఫోను ఎత్తగానే అవతలి మనిషి ఊరు, వాడ, ఇంటి పేరు చెప్పేవాడు. 'పది నిమిషాల్ల చెయ్యి బిడ్డా, పిలిపిస్త' అని బాపు పెట్టేసేవాడు. సైకిల్ మీద అబ్బాయి దౌడు తీసేవాడు. దగ్గరి వాడలకైతే నేనే ఉరికేదాన్ని. 'అత్తా, దుబాయి ఫోను!' అని గల్లీ మొదట్లోనే అరిచేదాన్ని. ఆ కేక విని పొయ్యి మీద గిన్నె అట్లాగే వదిలేసి, చేతికి పిండి అంటుకుని ఉండగానే వచ్చినవాళ్లున్నారు. కొందరు అంత తొందరలోనూ ముఖం కడుక్కుని, బొట్టు దిద్దుకుని వచ్చేవాళ్లు. ఫోనులో కనబడదని తెలియక కాదు. తెలిసే.

ఎక్కువమంది బీడీలు చేసేవాళ్లు. చాటను వెంట తెచ్చుకునేవాళ్లు. గోడవారగా కూర్చుని, ఒడిలో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, మూతి మడిచి దారం కట్టడం. చూపు మాత్రం ఫోను మీద. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. ఎంతసేపు కాచుకున్నారని అడిగితే గంటల్లో చెప్పేవాళ్లు కాదు. 'రెండు కట్టలు అయినయ్' అనేవాళ్లు. కట్టకు ఇరవై ఐదు బీడీలు. ఒకసారి ఒక పెద్దమ్మ ఆరు కట్టలు చేసింది, ఫోను రాలేదు. చాట నెత్తిన పెట్టుకుని ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

వచ్చిన ఫోనుకు మా దగ్గర మీటరు తిరగదు. అయినా అవతల అతని ఫోను కార్డు కరిగిపోతుందని అందరికీ తెలుసు. అందుకే మాటలన్నీ ముందే కూడబెట్టుకుని వచ్చేవాళ్లు. 'మంచిగున్నవా, మంచిగున్న, పైసలు అందినయ్, బోరు వేసినం, నీళ్లు పడలే, పిల్లగాడు పాసైండు, ఎప్పుడస్తవ్?' అంతా ఒక్క ఊపిరిలో. పైగా మాట పోయి తగలడానికి కొంచెం ఆలస్యం అయ్యేది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోయేవాళ్లు. 'హలో' 'హలో' అనుకోవడంలోనే సగం టైము అయిపోయేది. మన మాట పుణె దగ్గర ఆర్వీలో ఉన్న పెద్ద గొడుగు లాంటి యాంటెనా దాకా పోయి, అక్కడి నుంచి పైనున్న ఉపగ్రహానికి ఎక్కి, అటు దిగుతుందని బాపు నాకు చెప్పాడు. నేను దాన్ని మా వీధి అందరికీ చెప్పాను. ఒక అవ్వ అప్పటి నుంచి ఫోనులో తల పైకెత్తి మాట్లాడేది.

* * *

ఒక్క సంగతి మాత్రం ఎంత కాలమైనా మరవలేను.

సౌదీలో ఎడారి క్యాంపులో పనిచేసే ఒకతని తల్లి ఇక్కడ చనిపోయింది. అతనికి ఇంకా ఏడాది కాంట్రాక్టు ఉంది. పాస్‌పోర్టు కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, దగ్గర. వచ్చే వీలు లేదు. అతని అన్న బాపు దగ్గరికి వచ్చి చేతులు పట్టుకున్నాడు. 'మా తమ్మునికి చెప్పకుండ్రి సారూ. ఆడ ఒక్కడే ఏడుస్తడు. ఓదార్చేటోడు లేడు.' బాపు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత సరేనన్నాడు.

అతను పక్షానికోసారి చేసేవాడు. మొదటిసారి, 'అవ్వ పెద్దక్క ఇంటికి పోయింది' అని బాపే చెప్పాడు. రెండోసారి, కండ్ల ఆపరేషన్‌కు కరీంనగర్ తోలుకపోయిండ్రని చెప్పాడు. ఆ మాట చెబుతుంటే బాపు చెయ్యి టేబుల్ మీద పెన్నును అటూ ఇటూ దొర్లించడం నాకు కనబడింది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. అమ్మ అడిగితే కడుపులో బాగాలేదన్నాడు.

మూడోసారి ఫోను వచ్చినప్పుడు అతను తల్లిని పిలవమని అడగలేదు. నేను పక్కనే ఉన్నాను. రిసీవర్‌లోంచి గొంతు సన్నగా బయటికి వినబడింది.

'సారూ, దినాలు చేసిండ్రా?'

బాపు కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. 'చేసిండ్రు బిడ్డా. మంచిగ చేసిండ్రు. నేను పోయిన' అన్నాడు. అవతల ఏమీ లేదు. గాలి చప్పుడు. కార్డు అయిపోతుందని కూడా అతను చూసుకోలేదు. చాలాసేపటికి, 'మంచిది సారూ' అని పెట్టేశాడు.

మర్నాడు బాపు అతని అన్నను పిలిపించాడు. 'ఇగ ఎవ్వరి కోసం అబద్ధం చెప్ప. చెప్పుడు మీ పని, కలిపి ఇచ్చుడు నా పని' అన్నాడు. ఆ తర్వాత కూడా అలాంటి ఇళ్లు చాలా వచ్చాయి. బాపు ఆ మాట తప్పలేదు. కానీ చావు కబురు చెప్పాల్సి వచ్చినప్పుడు క్యాబిన్ బయట ఒక కుర్చీ, చెంబుతో నీళ్లు తానే తెచ్చి పెట్టేవాడు. అటు వైపు ఇంకొక మన ఊరి మనిషిని పక్కన నిలబెట్టుకోమని ముందే చెప్పించేవాడు.

* * *

ఊరు మారడం నేను ఆ టేబుల్ దగ్గర కూర్చునే చూశాను. పెంకుటిళ్ల మధ్య స్లాబు ఇళ్లు లేచాయి. 'దుబాయి ఇల్లు' అనేవాళ్లు. సెలవు మీద వచ్చినవాళ్ల ఇంట్లో ట్యాంగ్ కలిపి ఇస్తే పిల్లలం గ్లాసు అడుగు నాకేవాళ్లం. నిడో పాలపొడి డబ్బాలు ఖాళీ అయ్యాక పప్పులకు, బియ్యానికి పనికొచ్చేవి. పులి బొమ్మ ఉన్న దుబాయి చెద్దరు లేని ఇల్లు మా వాడలో లేదు. తలనొప్పి అంటే యాక్స్ ఆయిల్. బంగారం వచ్చింది, దానితోపాటు కట్నాలూ పెరిగాయి. దుబాయి పిల్లగాడు అంటే ముందు ఎంత గిరాకీయో, కొన్నేళ్లకు 'మొగడు ఏడాదికి నెల ఉంటడు, మా పిల్లను ఇయ్యం' అనే మాటా వచ్చింది. ఇప్పుడు కోరుట్లలో మండి తినేవాళ్లలో చాలామందికి అది అరబ్బుల పళ్లెం అన్న సంగతి గుర్తుండదు.

మోసాలూ చూశాం. ఎక్కడైనా పని చేసుకోవచ్చు, ఆజాద్ వీసా అని డబ్బు కట్టించుకుని, అక్కడ దిగాక పని లేదన్న ఏజెంట్లు ఉన్నారు. కఫీల్ దగ్గర నుంచి పారిపోయి, కాగితాలు లేకుండా దొరికిన పని చేసుకునేవాళ్లను మా వైపు 'కల్లివెల్లి' అంటారు. కల్లివెల్లి అయినవాడు ఫోనులో తన ఇంటి పేరు కూడా చెప్పేవాడు కాదు. 'సారూ, నేను' అనేవాడు. బాపు గొంతు పట్టి గుర్తుపట్టేవాడు.

* * *

తర్వాత నా వంతు వచ్చింది. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ పంపారు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్ బోర్డులే. కంప్యూటర్లలో సంవత్సరానికి రెండే అంకెలు పెట్టుకున్నందుకు 2000 సంవత్సరం వస్తే అవి తికమక పడతాయని, వాటిని సరిచేయడానికి మనుషులు కావాలని అమెరికా పిలిచింది. నాతో పాటు హాస్టల్లో ఉన్నవాళ్లు కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని పోయారు. నాకు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో పని దొరికింది.

అమెరికా డాక్టర్లు రోగుల సంగతులు గొంతుతో రికార్డు చేస్తారు. మాకు అది రాత్రికి కంప్యూటర్‌లో వస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాలి కింద పెడల్ నొక్కుతూ, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ టైపు చేయాలి. మొదటి రోజు పెడల్ మీద కాలు పెట్టగానే నాకు బాపు టేపు ఆపడం గుర్తొచ్చింది. మిగతావాళ్లు ఆ యాస అర్థం కాక నెలలు కష్టపడ్డారు. నాకు పది రోజుల్లో వచ్చేసింది. దూరం నుంచి వచ్చే గొంతును వినడం నాకు చిన్నప్పుడే అలవాటు. రాత్రి రెండింటికి ఎక్కడో టెక్సాస్‌లో ఒక ముసలాయన గుండె ఆగిపోయిన సంగతి టైపు చేస్తుంటే వేళ్లు ఆగేవి. అతని కూతురికి చెప్పారో లేదో అనిపించేది. 'మీటరు సూడు బిడ్డా' అని నాకు నేనే చెప్పుకుని ముందుకు పోయేదాన్ని.

సెలవు రోజు రాత్రి ఇంటికి ఫోను చేసేదాన్ని. పదకొండు దాటితే పావు రేటు. హాస్టల్ పక్క బూత్ ముందు ఆ టైముకు పెద్ద లైను. లోపలికి పోయి రిసీవర్ ఎత్తితే అదే మల్లెపూల వాసన. అటు బాపు. నేను ఇంకా మాట్లాడుతుండగానే, 'బిడ్డా, మీటరు తిరుగుతున్నది, పెట్టెయ్' అనేవాడు. ఎప్పుడూ ఆయనే ముందు పెట్టేసేవాడు. మా ఊరి మగవాళ్లు వందల మైళ్ల అవతల ఇంటి గొంతు వినడానికి ఎందుకంత తపించేవాళ్లో ఆ బూత్‌లో నాకు తెలిసింది.

* * *

2003లో సెల్‌ఫోన్లకు ఇన్‌కమింగ్ ఉచితం అయ్యాక మా షాపు చల్లబడింది. శుక్రవారం బెంచీలు ఖాళీ. దుబాయి నుంచి వచ్చేవాళ్లు ఇంటికో ఫోను తెచ్చారు. బాపు మీటరు పక్కన జిరాక్స్ మిషను పెట్టాడు, తర్వాత రీఛార్జ్ కార్డులు అమ్మాడు. 2013 జులైలో టెలిగ్రాముల సేవ ఆగిపోయిందని వార్త వస్తే పేపరు మడిచి, 'ఇగ మన వంతు' అన్నాడు. ఆ తర్వాతి ఏడే రోడ్డు వెడల్పులో షట్టరు పోయింది. క్యాబిన్ అద్దం తలుపును ఇంటికి తెచ్చి పెరట్లో బాత్రూముకు పెట్టించాడు. అది ఇప్పటికీ ఉంది.

చేతిలో సెల్‌ఫోను ఉండి, మాటకు పైసా ఖర్చు లేని రోజులు వచ్చాక కూడా బాపు నాతో మూడు నిమిషాల కంటే ఎక్కువ మాట్లాడలేదు. 'మంచిగున్నవా, పిల్లలు మంచిగున్నరా, తిన్నరా, ఇగ పెట్టెయ్యనా?' అంతే. ఇంకా మాట్లాడు బాపూ అంటే నవ్వేవాడు. ఏం మాట్లాడాలో ఆయనకు తెలిసేది కాదు. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి నుంచి చేసిన ఫోను కూడా మూడు నిమిషాలు దాటలేదు.

* * *

సంవత్సరీకానికి ఊరికి వెళ్లినప్పుడు మా గల్లీలో పెద్దమ్మను చూడబోయాను. ఆరు కట్టలు చేసి వెళ్లిపోయిన పెద్దమ్మే. భర్త పోయాడు. ఇప్పుడు కొడుకు మస్కట్‌లో ఉన్నాడు, రాత్రి డ్యూటీ సెక్యూరిటీ గార్డు. దుబాయిలో సర్కారు ఆఫీసులకు 2022 నుంచి శని ఆదివారాలే సెలవట, శుక్రవారం సగం పనట. ఆ సంగతి చెబితే పెద్దమ్మ, 'గట్లయితే మా ఫోన్లు ఎప్పుడు వస్తుండెనో' అంది.

కోడలు గోడవారన కూర్చుని బీడీలు చేస్తోంది. ఒడిలో అదే చాట. ఎదురుగా తంబాకు డబ్బాకు ఆనించి ఫోను నిలబెట్టి ఉంది. ఇమోలో వీడియో కాల్. అందులో అతను నిద్రపోతున్నాడు. పొద్దున డ్యూటీ దిగి పడుకున్నాడట. చెంప కింద చెయ్యి, పైన రెండో అంతస్తు మంచం పలకలు, ఏసీ చప్పుడు.

'పెట్టెయ్యవా చెల్లె?' అని మెల్లగా అడిగాను.

'పెట్టేస్తే మెలకువ వస్తదక్కా' అంది. 'లేచినంక సూసుకుంటడు, ఉన్ననా లేనా అని.'

పెద్దమ్మ ఆ ఫోను వైపే చూస్తోంది. 'మా ఆయనతోని ఇరవై ఏండ్లల్ల ఫోన్ల మాట్లాడిందంత కలిపితే ఒక పొద్దు కాదు బిడ్డా' అంది. 'మీ బాపుకు తెలుసు లెక్క.'

ఫోనులో అతను అటు నుంచి ఇటు ఒత్తిగిల్లాడు. కోడలు ఆకు కత్తిరించడం ఆపి, చప్పుడు కాకుండా కత్తెరను చాటలో పెట్టింది. అతను మళ్లీ నిద్రలోకి జారుకునేదాకా మేం ముగ్గురం మాట్లాడలేదు.